వాచకముల వర్తకము: మన యువకులకొక పాఠము

మన యువకులలో స్వతంత్రవృత్తుల నవలంబింపవలెనను కోరిక దినదినము ప్రబలుచున్నది. ఇది శుభసూచకము. పట్టపరీక్షలో గెలిచిన ప్రతివాడును కొలువునకై దరఖాస్తులు వ్రాయుచు, వయఃపరిమితి దాటువఱకు వేచియుండిన కాలమునకును, "నేనొక సంస్థను స్థాపించెదను, పదుగురికి పని కల్పించెదను" అను నేటి కాలమునకును గొప్ప యంతరము గలదు. ప్రభుత్వము లిట్టివారికి ఋణములను, రాయితీలను ప్రకటించుచున్నవి. 'స్టార్టప్పు' అను మాట మారుమూల గ్రామములలో గూడ వినవచ్చుచున్నది. ఈ యుత్సాహమును మేము మనసార నభినందించుచున్నాము.

అయినను ఈ చిత్రమునకు రెండవ ప్రక్క యొకటి గలదు. తండ్రి రెండెకరముల మాగాణి నమ్మి కుమారునికి మూలధన మిచ్చును. అందు సగము భవనపు అడ్వాన్సునకు, మేజాకుర్చీలకు, పేరుపలకకు, ప్రారంభోత్సవమునకు వ్యయమగును. తక్కిన సగము మొదటి సంవత్సరపు జీతములకు సరిపోవును. రెండవ సంవత్సరాంతమునకు తలుపులు మూతపడును. తండ్రి అదృష్టమును నిందించును. కుమారుడు కాలమును నిందించును. అమ్మిన పొలము మాత్రము మరలి రాదు. ఇట్టి గృహములను మేము పెక్కింటి నెఱుగుదుము. మన పాఠకులు నెఱుగుదురు. తెలుగువాని కారంభశూరత్వ మను అపవాదు పాతదియే గాని, దానికి కారణము తెలుగువాని పుట్టుకలో లేదు. పనిని నేర్వకమున్నే యజమాని కావలెనను తొందరలో నున్నది.

ఈ తొందరకు మందెక్కడ దొరకును? మన యువకులు సముద్రముల కావలనున్న కోటీశ్వరుల చరిత్రములను చదివి, వారి వాక్యములను గోడలపై వ్రాసికొనుచున్నారు. చదువుట తప్పుగాదు. కాని ఆ దేశముల ద్రవ్యసమృద్ధి వేఱు, మన స్థితి వేఱు. కొనువాడు పేదవాడై, లాభము స్వల్పమై, అప్పు పుట్టుట కష్టమై, రాజ్యము పరాధీనమైయున్న దినములలో ఈ దేశముననే ఒక సంస్థను నిలిపినవాని చరిత్రము మనకు సన్నిహితమైన గురువు. అట్టివారిలో పాఠశాలల పుస్తకముల నచ్చొత్తించి విక్రయించినవారు ముఖ్యులు. వారి సరకు అణాలలో అమ్ముడుపోవునది, కొనువాడు రైతుబిడ్డ, సరకులో తప్పున్నచో దేశమంతటను తెలియును. ఇట్టి వ్యాపారమున నిలిచినవాడు ఏ వ్యాపారముననైనను నిలువగలడు. కావున లక్నో నగరమున పందొమ్మిదవ శతాబ్దిలో వర్ధిల్లిన మున్షీ నవలకిశోరు చరిత్రమును నేడు మన పాఠకుల యెదుట నుంచుచున్నాము.

నవలకిశోరు 1836 లో జన్మించెను. ఆయన వంశీయులు అలీగఢు మండలమందలి సాస్నీకి చెందిన భూస్వాములు. ఇంటి పొలముపై వచ్చు అయివేజుతో కాలము గడుపగలిగియు ఆయన యట్లు చేయలేదు. ఆగ్రా కళాశాలలో కొంతకాలము చదివి, లాహోరు నగరమునకు బోయి, మున్షీ హరసుఖరాయి నడుపుచుండిన 'కోహినూరు' ముద్రాలయమున పనికి కుదిరెను. భూస్వామి బిడ్డ, కళాశాలలో చదివినవాడు, సొంత ముద్రాలయమును బెట్టుటకు మున్ను మఱియొకని ముద్రాలయమున నౌకరి చేసెను. కాగిత మెచ్చట కొనవలెనో, ఏ పనివాడు రోజున కెన్ని పుటలు తీయగలడో, ఏ ఖాతాదారు సకాలమున సొమ్ము చెల్లించునో, ఏ ఖాతాదారు త్రిప్పి త్రిప్పి చంపునో ఇతరుల సొమ్ముపై నేర్చికొనుట కిదియే మార్గము. మన యువకులు ఈ విద్యను తండ్రి సొమ్ముపై నేర్చుకొనుచున్నారు. ఇదియే మొదటి భేదము. ఏ వృత్తిలో దిగదలచితిమో ఆ వృత్తిలో రెండు మూడు సంవత్సరములు గుమాస్తాగా నుండుట అవమానము గాదు. అది వడ్డీ లేని మూలధనము.

1858 నవంబరు మాసమున నవలకిశోరు లక్నోలో తన ముద్రాలయమును స్థాపించెను. అప్పటి కాయన వయస్సు ఇరువదిరెండు సంవత్సరములు. ఆ నగరమప్పు డెట్టి స్థితిలో నుండెనో జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. 1856 లో ఆంగ్లేయులు అయోధ్యారాజ్యమును హరించిరి. 1857 నాటి మహాసంగ్రామమున లక్నో నెలల తరబడి యుద్ధభూమి యయ్యెను. మేడలు కూలినవి, నవాబు నాశ్రయించి బ్రదికిన పండితులు, కవులు, లేఖకులు వీథుల పాలైరి. వర్తకము చేయదలచిన వాడెవ్వడును అట్టి నగరము నెన్నుకొనడని లోకు లనుకొందురు. నవలకిశోరు మఱియొక విధముగ చూచెను. క్రొత్త కచేరీలకు ఫారములు కావలెను. క్రొత్త చట్టములకు ప్రజల భాషలో ప్రతులు కావలెను. క్రొత్త పాఠశాలలకు వాచకములు కావలెను. మఱియొక వైపున అందమైన దస్తూరి గల లేఖకులు పనిలేక యున్నారు. ఒకచోట అక్కఱ, ఒకచోట నిరుద్యోగమైన నేర్పు. ఈ రెంటిని కలుపువాడే వర్తకుడు. మనవారు ఎల్లరును పోవు త్రోవనే పోయి, ఒక వీథిలో నొక దుకాణము లాభించినచో ప్రక్కనే పది దుకాణములు తెఱచుచున్నారు. ఎక్కడ నేర్పు వ్యర్థమగుచున్నదో, ఎక్కడ అక్కఱ తీఱకున్నదో చూచు కన్ను మూలధనము కంటె ముఖ్యము.

ఆయన యెన్నుకొన్న ముద్రణవిధానము గూడ గమనింపదగినది. ఉర్దూ, పారసీ భాషల వంపులిపిని సీసపు టక్షరములలో పోతపోయుట కష్టము. పోసినను చదువరులకు రుచింపదు. రాతి యచ్చున ఈ చిక్కు లేదు. లేఖకుడు జిడ్డుసిరాతో వ్రాసినదానిని నున్నని సున్నపురాతి పలకపైకి దింపుదురు. రాతిని తడిపి సిరాపూయగా జిడ్డుగల యక్షరములు సిరాను గ్రహించును; తడిసిన తావులు సిరాను గ్రహింపవు. ఈ విధముగ లేఖకుని హస్తమే వేలకొలది ప్రతులుగ వెలువడును. పాశ్చాత్యుల యంత్రము, దేశీయుల నేర్పు రెండును కలిసినవి. లేఖకుడు యంత్రమువలన చెడలేదు, యంత్రమువలన బ్రదికెను. క్రొత్త యంత్రములు వచ్చినపుడెల్ల పాత నేర్పును పారవేయవలెనని తలచువారు దీనిని విచారింతురు గాక.

ఇక వ్యాపారపు మర్మమునకు వచ్చెదము. నవలకిశోరు మహాకావ్యములతో మొదలు పెట్టలేదు. కచేరీ ఫారములు, చట్టముల అనువాదములు, బాలుర వాచకములు, గణితపుస్తకములు ఆయన ముద్రాలయమునకు ప్రాణాధారములు. ఇవి కీర్తి నిచ్చునవి గావు. కాని ప్రతిసంవత్సరము క్రొత్త బాలురు బడికి వత్తురు. ప్రతిసంవత్సరము వాచకము కావలెను. ఈ నిశ్చితమైన యాదాయముపై నిలిచి, ఆయన అనిశ్చితమైన గొప్ప కార్యములకు చేయి చాచెను. మహాకవి గాలిబు పారసీ కవితాసంపుటమును 1863 లో ప్రకటించెను. ఖురానును, తులసీదాసు రామాయణమును సామాన్యులు కొనగల వెలకు ముద్రించెను. అమీరు హంజా కథలు ఆయన ముద్రాలయమున 1883 లో మొదలై, ఆయన మరణానంతరమును సాగి, 46 మహాసంపుటములుగ వెలువడినవి. 'అవధ్ అఖ్బారు' అను పత్రికను స్థాపించి, 1877 లో దానిని దినపత్రికగ మార్చెను. రతననాథ సర్షారు రచించిన 'ఫసానా ఏ ఆజాదు' అను ప్రసిద్ధకథ 1878 నుండి ఆ పత్రికలోనే ప్రకటింపబడెను. ఆయన జీవితకాలమున ఆ ముద్రాలయమునుండి సుమారు 5,000 గ్రంథములు వెలువడినవని చరిత్రకారులు చెప్పుదురు. బాలుని వాచకము కవీశ్వరుని కావ్యమును పోషించినది. చిన్న సరకు పెద్ద సరకును మోసినది. మన యువకులు పెద్ద సరకుతో మొదలుపెట్టి, దానిని మోయు చిన్న సరకు లేక కూలబడుచున్నారు.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. దానిని మేము దాచువారము గాము. నవలకిశోరు ఆంగ్లేయాధికారుల యాదరమున పైకి వచ్చినవాడే గదా? సర్కారు వారి ముద్రణపనులు, విద్యాశాఖవారి యుత్తరువులు లేకున్నచో ఆ ముద్రాలయ మంత పెరిగెడిదా? దేశాభిమానులకు ఆయన మార్గదర్శి యెట్లగును? ఈ ప్రశ్న న్యాయమైనది. ఆయన సర్కారుతో పోరాడినవాడు గాడు. ఆ విషయమున ఆయనను వీరునిగ చిత్రించుట సత్యమునకు విరుద్ధము. కాని మనుజుని గొప్పతనమును సొమ్ము వచ్చిన త్రోవనుబట్టి మాత్రమే గాక, పోయిన త్రోవనుబట్టియు నిర్ణయింపవలెను. పరప్రభుత్వపు టుత్తరువులపై వచ్చిన లాభము నవాబుల మేడలను గొనుటకు పోలేదు. దేశభాషల గ్రంథములై ప్రజల యిండ్లకు బోయినది. వ్రాతప్రతులుగ చెదలపాలు గావలసిన పెక్కు గ్రంథము లిందువలన నిలిచినవి. ఆ రాజ్యము 1947 లో పోయినది. ఆ గ్రంథములు నేటికిని చదువబడుచున్నవి.

అయినను ఈ యాక్షేపణలోనే రెండవ పాఠమొకటి యున్నది. సర్కారు ఉత్తరువు మంచి మెట్టు. దానిని ఇల్లు చేసికొనరాదు. స్వాతంత్ర్యానంతరము మన దేశమున ఏమి జరిగెనో చూడుడు. పాఠ్యపుస్తకముల రచనను, ముద్రణమును చాలవఱకు ప్రభుత్వములే చేపట్టినవి. 1961 లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఏర్పడినది. రాష్ట్రములును తమతమ పుస్తకములను తామే ప్రకటింప సాగినవి. పేదబాలునకు తక్కువ వెలకు, పిమ్మట ఉచితముగను పుస్తకము లభించుటచే ప్రజలకు మేలే కలిగినది. కాని వాచకము నొక్కదానినే నమ్ముకొన్న ప్రచురణకర్తలకు కాలిక్రింది నేల జాఱినది. కొందఱు పరీక్షల గైడ్లకు దిగి, ప్రశ్నలకు జవాబులను బట్టీపట్టించు వ్యాపారమున బ్రదికిరి. కొందఱు తలుపులు మూసిరి. వాచకములతోపాటు నిఘంటువులను, కావ్యములను, బాలుర కథలను, స్త్రీల పుస్తకములను ప్రకటించుచుండినవారు మాత్రము నిలద్రొక్కుకొనిరి. ఒక్క ఖాతాదారుపై బ్రదుకువాడు వర్తకుడు గాడు. జీతము లేని నౌకరు. నేడు సర్కారు గుత్తలకు పనిచేసి, బిల్లులకై కచేరీల చుట్టు తిరుగుచు, వడ్డీల క్రింద నలిగిపోవుచున్న మన గుత్తదారుల నడిగినచో ఈ మాటలోని సత్యము తెలియును.

లాభము విషయమున గూడ వాచకపు వర్తకుడు మంచి గురువు. ఒక చిన్నపుస్తకమును సిద్ధపఱచుటకు, అనగా రచయితకును, తప్పులు దిద్దువానికిని, అక్షరముల కూర్పునకును, 20,000 రూపాయలు వ్యయమగుననుకొందము. 1,000 ప్రతులు అచ్చొత్తించినచో ప్రతికి 20 రూపాయలు ఈ పద్దు క్రిందనే పడును. 20,000 ప్రతులైనచో ప్రతికి ఒక్క రూపాయి పడును. పిమ్మట కాగితము, కుట్టుకూలి, రవాణా మాత్రమే మిగులును. కావున వెల తగ్గించినకొలది కొనువారు పెరుగుదురు. కొనువారు పెరిగినకొలది వెల యింకను తగ్గింపవచ్చును. ఇది పేదదేశపు వాణిజ్యసూత్రము. కాని దీని కొక ముల్లున్నది. అమ్ముడుపోని ప్రతి ధనము గాదు, కాగితపు మూట. పాఠ్యక్రమము మాఱినచో గిడ్డంగిలోని వేలకొలది ప్రతులు తూకమునకు పోవలసినదే. ఎన్ని ప్రతులు వేయవలె నను ప్రశ్నకు సరియైన జవాబు చెప్పగలుగుటయే ఈ వ్యాపారమందలి విద్య. అది బడులు తిరిగి, ఉపాధ్యాయులతో మాటలాడి, నిరుటి పద్దులు చూచి నేర్చుకొనవలసినది గాని, మేజా ముందు కూర్చుండి ఊహించునది గాదు.

పుస్తకమునకు ముఖ్యమైన ముడిసరకు కాగితము. కాగితపు వెల పెరిగినచో అచ్చుకూటము ఊపిరాడక కొట్టుకొనును. నవలకిశోరు ఈ కీలకమును గుర్తించెను. 1879 లో లక్నోలో స్థాపితమైన 'అప్పర్ ఇండియా కూపర్' కాగితపు మిల్లునకు మూలపురుషులలో నాయన ముఖ్యుడు. ముద్రాలయము స్థాపించిన రెండు దశాబ్దములకు గాని ఆయన ఈ కార్యమునకు పూనుకొనలేదని గమనింపుడు. మొదట ఇతరుల కాగితమును కొని, తన అవసరమెంతో రూఢిగ తెలిసికొని, పిదప మిల్లునకు తలపెట్టెను. తాదూర కంతలేదు మెడకొక డోలన్నట్లు, పట్టుమని పదిమంది ఖాతాదారులు లేకమున్నే కర్మాగారములను, శాఖలను, వాహనములను గూర్చుకొనువారికి ఈ క్రమము బోధపడవలెను. విస్తరణము అవసరమును వెన్నంటి రావలెను గాని, అవసరమునకు ముందు పరుగెత్తరాదు.

అన్నిటికంటె గొప్ప మూలధనము నమ్మకము. నవలకిశోరు హిందువు. ఆయన ముద్రించిన ఖురానును, హదీసులను, ధర్మశాస్త్రములను మహమ్మదీయ పండితులు నిస్సందేహముగ కొనిరి. ఏల? ఆయన వానిని దిద్దుటకు మౌల్వీలనే నియమించెను. సంస్కృతగ్రంథములకు పండితులను నియమించెను. తనకు తెలియని విషయమున తెలిసినవానికి అధికార మిచ్చుట యజమాని లక్షణము. పాఠశాలపుస్తకమున ఈ జాగ్రత్త మఱింత యావశ్యకము. బట్టలో నొక పోగు తప్పినచో ఒక్కడు నష్టపడును. వాచకములో నొక యక్షరము తప్పినచో వేలమంది బాలురు ఆ తప్పును కంఠస్థము చేయుదురు. వారిలో ఉపాధ్యాయులైనవారు దానిని మఱియొక తరమునకు నేర్పుదురు. నేడు మన యంగళ్లలో దొరకు బాలుర పుస్తకములను చూచినవారికి హృదయము కలుక్కుమనును. రంగులు మెఱయుచుండును, కాగితము నున్నగ నుండును, లోపల గుణింతములు తప్పు, ఒత్తులు తప్పు, బొమ్మక్రింది పేరు తప్పు. పైపూతకు వేలు వ్యయపఱచి, తప్పులు దిద్దువానికి వందలు మిగుల్చుకొనుట ఏమి వర్తకము? ఒకసారి మోసపోయిన తల్లి ఆ ముద్రాలయపు పేరును జీవితకాలము మఱువదు.

లక్నో దూరము, ఉర్దూభాష మనది గాదని యెవరైన ననవచ్చును. అట్టివారు మన తెలుగువారి చరిత్రమునే చూడవచ్చును. నవలకిశోరుకంటె నాలుగేండ్లు ముందుగ, 1854 లో, నెల్లూరు సీమకు చెందిన వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు చెన్నపట్టణమున ముద్రాలయమును స్థాపించిరి. వంపులిపికి రాతి యచ్చు తోడైనది. మన లిపికో, గుణింతములకును ఒత్తులకును వేఱువేఱుగ వందలకొలది సీసపు టక్షరములు కావలెను. ఈ భారమును వహించియు వారు పండితుల చేత పరిష్కరింపించిన గ్రంథములనే ప్రకటించిరి. ఆయన 1891 లో దివంగతులైరి. 1884 లో జన్మించిన కుమారుడు వేంకటేశ్వరశాస్త్రులుగా రప్పటికి ఏడేండ్ల బాలుడు. ఆయన పెరిగి పెద్దయై ఆ సంస్థను తెలుగునాట ఇంటింటికి తెలిసినదానిగ చేసిరి. పెద్దబాలశిక్షతో నక్షరములు నేర్చిన బాలుడు, పెద్దవాడై భారత భాగవతములను, ప్రబంధములను, సంస్కృతకావ్యముల తెలుగు టీకలను వావిళ్లవారి ముద్రణములలోనే చదివెను. పలకనాటి ఖాతాదారుని ముసలితనము వఱకు నిలుపుకొనుట కంటె వర్తకునకు విజయ మేమి గలదు?

వావిళ్లవారి చరిత్రమున మఱియొక ఘట్టము గలదు. తంజావూరు సభలోని కవయిత్రి ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా, 1910 లో వావిళ్లవారు ప్రకటించిరి. శృంగారకావ్యమను నెపమున ఆంగ్లప్రభుత్వము దానిని నిషేధించినది. కొందఱు పెద్దలును ఆ కావ్యమును గర్హించిరి. మఱియొక వర్తకుడైనచో నష్టమును పద్దున వ్రాసికొని మఱచియుండును. శాస్త్రులుగారు మఱువలేదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు చెన్నరాష్ట్రపు ప్రధానిగ నుండగా, 1947 లో, ఆ నిషేధము తొలగినది. 1952 లో ఆ గ్రంథము వావిళ్లవారి ముద్రణమున మరల వెలువడినది. ఒక్క చిన్న గ్రంథమునకై నాలుగు దశాబ్దములు కాచుకొనుట లెక్కల పుస్తకములో లాభముగ కానరాదు. కాని తన సరకు మంచిదని నమ్మినవాడు దానిని విడువడను పేరు ఆ సంస్థకు దక్కినది. ఆ పేరు ఇతరగ్రంథముల నన్నిటిని అమ్మిపెట్టును. ఇట్టి నిలుకడ లేనివాడు గాలి యెటు వీచిన నటు సరకు మార్చుచుండును. చివరకు ఏ సరకునకును అతడు పేరుగాంచడు.

ఇక వారసత్వమును గూర్చి ఒక్కమాట. నవలకిశోరు 1895 లో మరణించెను. దత్తపుత్రుడు ప్రాగ్నారాయణ భార్గవుడును, పిమ్మటివారును సంస్థను నడిపిరి. 1950 ప్రాంతమున ఆ మహాసంస్థ వారసుల నడుమ విభక్తమైనది. మన భూస్వాములకు విభాగ మనగా కొత్తగాదు. పదియెకరముల పొలమును ఇరువు రన్నదమ్ములు పంచుకొన్నచో చెఱి యయిదెకరములు వచ్చును, రెండును పండును. కాని ముద్రాలయమును నఱకి పంచుకొన్నచో ఇద్దఱికిని సగము యంత్రము, సగము పేరు, సగము పరపతి వచ్చును. సగము పేరుతో పుస్తకము అమ్ముడుపోదు. పరిశ్రమను స్థాపించువాడు మొదటి దినమునుండియే ఇంటి పద్దును, సంస్థ పద్దును వేఱుచేయవలెను. వారసులలో పని నేర్చినవానికి అధికారము, తక్కినవారికి లాభములో భాగము అను నియమమును తాను బ్రదికియుండగనే వ్రాసి యుంచవలెను. ఈ యొక్క జాగ్రత్త లేక మన సీమలోని రైసుమిల్లులు, నూనెమిల్లులు, అచ్చుకూటములు ఎన్ని న్యాయస్థానముల మెట్లెక్కి తుప్పుపట్టలేదు?

కావున మన భూస్వాములకు మేము మనవి చేయునది యిది. కుమారుడు వ్యాపారము పెట్టెద నన్నచో వెంటనే వలదనకుడు. వెంటనే పొలమును అమ్మకుడు. మొదట ఆ వృత్తిలో రెండు సంవత్సరములు నౌకరి చేసి రమ్మనుడు. చేసి వచ్చిన పిదపను అతని యుత్సాహము నిలిచియున్నచో, అది నిజమైన యుత్సాహము. అప్పుడిచ్చు సొమ్మును కట్నమువలె ఒక్కసారి చేతిలో పోయక, మొదటి సంవత్సరపు లెక్కలను చూచి రెండవ వాయిదా నిచ్చుచు, భాగస్వామివలె ఇండు. లెక్క చూపుటకు సిగ్గుపడు కుమారుడు అప్పులవాని యెదుట ఇంకను ఎక్కువగ సిగ్గుపడవలసి వచ్చును.

పట్టణవాసులకు మనవి వేఱు. దేశీయపరిశ్రమలు వర్ధిల్లవలెనని సభలలో పలుకుట సులభము. పుస్తకమును ఎరువు తెచ్చి చదువుట, అరువుపై కొన్నదానికి సొమ్మును సంవత్సరముల తరబడి చెల్లింపకుండుట మన యలవాట్లు. చిన్న వర్తకుని చంపునది పోటీ గాదు, రావలసిన బాకీ. పుస్తకపు దుకాణదారు అమ్మిన పుస్తకములకు సకాలమున సొమ్మంపినచో ప్రచురణకర్త రచయితకు సకాలమున పారితోషిక మీయగలడు. రచయిత రెండవ పుస్తకమును వ్రాయగలడు. ఈ గొలుసు మొదటి కొస మన చేతిలోనే యున్నది. మన బాలురకు బడిపుస్తకము తప్ప తెలుగున చదువదగిన మఱియొక పుస్తకము ఇంట లేకున్నచో, ఆ దోషము ప్రచురణకర్తలదే గాదు.

యువకులకు తుదిమాట. భారతప్రభుత్వము 1970 లో నవలకిశోరు చిత్రముతో తపాలబిళ్లను ప్రకటించినది. ఆయన కా గౌరవము వచ్చినది ధనవంతుడైనందున గాదు. అంతకంటె ధనవంతులు లక్నోలో పెక్కురుండిరి. వారి పేరులు నేడెవ్వరికిని తెలియవు. ఒక బాలుని చేతిలో తప్పులులేని వాచకము నుంచుట, దానిని వాని తండ్రి కొనగల వెలకు ఇచ్చుట, వచ్చిన స్వల్పలాభముతో మఱియొక మంచి పుస్తకమును తెచ్చుట: ఈ మూడు పనులను ముప్పదియాఱేండ్లు మానక చేసినందున వచ్చినది. మీ సరకు పుస్తకమే కానక్కఱలేదు. బట్ట కావచ్చును, నూనె కావచ్చును, యంత్రము కావచ్చును, కంప్యూటరుపై వ్రాయు కార్యక్రమము కావచ్చును. పని నేర్చి మొదలుపెట్టుడు, చిన్నదానితో మొదలుపెట్టుడు, కొనువాడు రెండవసారి మీ యంగడికే వచ్చునట్లు చేయుడు. తక్కినదానిని కాలము చూచుకొనును. మీ తండ్రి రెండెకరములు అమ్మవలసిన యవసరము అప్పుడు రాకపోవచ్చును; వచ్చినను, ఆ సొమ్ము వ్యర్థము గాదు.